పాప బుగ్గల ఎరుపు

చిత్రకారులు హార్బిన్ గారికి,

నా పేరు టాబితా క్రౌచ్. వయసు అరవై ఎనిమిది. బాత్ పట్టణంలో వెదర్‌బీ గారింట నలభై ఏళ్లుగా పిల్లల్ని పెంచుతున్నాను. నాకు రాత రాదు. వంటమనిషి సూసన్ రాస్తోంది.

చనిపోయిన మా లెటీ పాప బొమ్మ మీరే వేశారు. ఇప్పుడు దాని బుగ్గలు తెల్లగా పాలిపోయాయి. అయ్యగారు భోజనానికి వచ్చినవాళ్లందరితో, "నాసిరకం రంగు పూసి మోసం చేశాడు" అన్నారు. నేనూ పక్కనే నిలబడి "అవునండీ" అన్నాను. ఇప్పుడు మీ గడప ఎవరూ తొక్కడం లేదట.

ఆ రంగు పోగొట్టింది నేను. పొయ్యి పొగకు బొమ్మ మసిబారింది. ఏడేళ్లు రోజూ కడిగిన మొహమే కదా అని సబ్బునీళ్లతో తుడిచాను. ఒక బుగ్గ ఎరుపంతా గుడ్డకు అంటింది. రెండూ ఒకేలా ఉంటే ఎవరూ పట్టుకోరని, రెండో బుగ్గ కావాలనే తుడిచాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉదయం అయ్యగారికి చెప్పేశాను.

"ముసలిదానా, ఇన్నాళ్లూ ఆ నోరేమైంది?" అన్నారు.

"మీ నోటికి వంత పాడిందండీ" అన్నాను.

తను తిట్టింది తప్పని అందరికీ చెబుతానన్నారు. చెప్పేదాకా నేను వదలను.

మీరు రారని సూసన్ అంటోంది. వచ్చి ఆ బుగ్గలకు మళ్లీ రంగు వేయాలి. పాప ఎడమవైపు ఒత్తిగిలి పడుకునేది, లేచేసరికి ఆ బుగ్గ ఎక్కువ ఎర్రగా ఉండేది. లేపేదాన్ని నేనే కాబట్టి ఆ సంగతి అమ్మగారికి కూడా తెలియదు. మీ పక్కన నిలబడి ఎంత ఎరుపో చెబుతాను. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉంటాను.

టాబితా క్రౌచ్ పెట్టిన గుర్తు: X

సాక్షులు: సూసన్ పెగ్లర్, బండి తోలే ఏమోస్ టకీ