రంగు డేగిసా ఎవరికి చెందాలంటే

యాకసిరి పెంచలమ్మ అనే నేను, కీర్తిశేషులు కనకయ్య భార్యను, డెబ్బై మూడేళ్ల దానను, నెల్లూరు జిల్లాలో పుట్టి ప్రస్తుతం జర్మనీ దేశం బ్యోబ్లింగెన్‌లో కూతురింట్లో ఉంటున్న దానను, ఈ వీలునామా మొదటి అక్షరం నుంచి చివరిదాకా నా చేత్తోనే రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఉందని డాక్టర్ రవీంద్రనాథ్ గారు చూసి చెప్పారు. ఆయన ఈ దేశం వచ్చి యాభై ఏళ్లయింది, ఆయన మాట నమ్మొచ్చు. అయినా రెండోసారి అడిగాను. "పెంచలమ్మగారూ, బుద్ధికేం కాలేదు, మీకు దిగులే ఎక్కువ" అన్నారు. దిగులుంటే వీలునామా చెల్లదా అని అడిగాను. చెల్లుతుందట.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇప్పుడెందుకమ్మా అని వద్దన్నవాళ్లే అందరూ. నేను చదివింది ఐదో తరగతి. అక్షరం తప్పయితే సర్దుకుని చదవండి, అర్థం మాత్రం సర్దకండి.

ఇక్కడి చట్టంలో చేత్తో రాసి సంతకం పెడితే చాలట, సాక్షులు అక్కర్లేదట. నా కూతురు రమామణి ఫోన్లో వెతికి మరీ చూపించింది. సాక్షులు లేని కాగితం మీద నాకు నమ్మకం కుదరదు. మా వైపు పద్ధతిలో ఇద్దరు సాక్షులుంటారు. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదు. అందుకని ఇందులో ఏ వాటా లేని మా అల్లుడు విజయేంద్రను ఒక సాక్షిగా పెట్టుకున్నాను. ఎందుకు లేదో నాలుగో అంశంలో ఉంది.

1. నా చెవి కమ్మలు, ముక్కుపుడక, ఊలు శాలువ నా తదనంతరం రమామణికి చెందవలెను. శాలువ వేడినీళ్లలో ఉతకవద్దు. నా దిగుళ్లు మాత్రం దానికి ఇవ్వడం లేదు. స్టవ్ ఆపావా, తలుపు వేశావా, బండి మెల్లగా నడుపుతున్నావా అని రోజుకు మూడుసార్లు ఫోన్ చేసే పని నాతోనే ఆగిపోవాలి.

2. నా పెనిమిటి చేతి ఉచ్చు. మాది యానాది కుటుంబం. వరి పొలాల్లో ఎలుకలు పట్టడం మా వాళ్ల పని. గట్టు మీద ఉచ్చు పెట్టేముందు మా ఆయన దాన్ని తుమ్మచెక్క నీళ్లలో ఉడకబెట్టి, మూడు రోజులు ఆ పొలం బురదలోనే పూడ్చిపెట్టేవాడు. మట్టి రంగు రావాలి, మనిషి వాసన పోవాలి. ఎలుక కంటిని కాదు, ముక్కును నమ్ముతుంది అనేవాడు. ఈ దేశంలో ఉచ్చు పెట్టడం నేరమట. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి, నేను పోయాక పోలీసులు నా పెట్టె తెరిస్తే బిడ్డకేం ముప్పొస్తుందోనని ఒకటే గుబులు. మొన్న కూర్చుని ముడి విప్పేశాను. ముడి ఉన్నంతవరకే అది ఉచ్చు, ఇప్పుడది ఒట్టి తాడు. రమామణీ, నీకు ఇస్తున్నది తాడు. ఎవరడిగినా అదే చెప్పు. ముప్పై ఏళ్లయినా మీ నాన్న వేసిన రంగు దిగలేదు, చూసుకో.

3. తోటలోని ఇనప బోనులు, వాటికి రంగు పట్టించే డేగిసా. ఊరి చివర మేము అద్దెకు తీసుకున్న తోట ముక్కలో ఆపిల్ చెట్ల వేళ్లు కొరికే నేల ఎలుకలున్నాయి. ఇక్కడివాళ్లు వాటిని వ్యూల్‌మౌస్ అంటారు. వాటికోసం పాత బోనులు ఎనిమిది, ఈ ఏడు కొన్నవి ఆరు ఉన్నాయి. కొత్త ఆరూ మొన్న షెడ్డులో కనబడలేదు. ఎవరెత్తుకుపోయారో ఏమో. దొరికితే కలుపుకోండి, లేకపోతే ఎనిమిదే.

ఇవన్నీ పక్క తోట ఆవిడ ఫ్రౌ హేబర్‌లేకు చెందవలెను. వాల్‌నట్ చెట్టు ఆమెదే, రంగుకు వాడే తొక్కలు ఆమెవే. మనవాళ్లలో ఎవరికీ పట్టని పని గనుక పరాయి మనిషికి ఇస్తున్నాను. రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది, అయినా రాశాను. పద్ధతి కింద రాస్తున్నాను, రమామణి ఆమెకు జర్మన్‌లో చదివి వినిపించవలెను.

కొత్త బోనుకు కంపెనీ నూనె ఉంటుంది. దాన్ని బూడిద నీళ్లలో మరగబెట్టి వదిలించాలి. సబ్బు పనికిరాదు, పనికిరాదు, పనికిరాదు. తర్వాత వారం పది రోజులు ఆరుబయట రాత్రి మంచులో వదిలేయాలి. పైన పల్చగా తుప్పు రావాలి, మెరిసే ఇనుముకు రంగు పట్టదు. అప్పుడు వాల్‌నట్ పచ్చి తొక్కలు డేగిసా నిండా వేసి, నీళ్లు కాఫీ డికాషన్ కంటే నల్లబడేదాకా ఉడికించి, బోనులు వేసి మర్నాటిదాకా అందులోనే ఉంచాలి. కర్రతో తీయాలి, చేత్తో కాదు. ఆరాక తేనెమైనం కరిగించి పల్చగా పట్టించాలి. క్రిస్మస్ కొవ్వొత్తుల మైనం వాడితే దాల్చినచెక్క వాసన వస్తుంది, ఎలుక తుమ్మి వెళ్లిపోతుంది. తోటలో పూడ్చి తీసిన చేతి తొడుగులతోనే బోను పట్టుకోవాలి. ఆ రోజు వెల్లుల్లి ఒలవకూడదు, తలకు కొబ్బరినూనె రాయకూడదు.

ఆ డేగిసాలో ఎవరూ ఎన్నడూ వంట చేయకూడదు. సాంబారు కూడా. మళ్లీ రాస్తున్నాను, సాంబారు కూడా.

4. అల్లుడు విజయేంద్రకు ఏమీ లేదు. మంచివాడే. నా కూతుర్ని ఒక్క మాట అనడు, నా మోకాళ్లకు మందు మర్చిపోడు. కానీ నాలుగేళ్ల కింద నాకు సాయం చేస్తున్నాననుకుని, రంగు వేసి ఆరబెట్టిన బోనులన్నీ నిమ్మకాయ వాసనొచ్చే గిన్నెల సబ్బుతో తోమి, తళతళా మెరిపించి వరసగా పేర్చాడు. "అత్తయ్యా, ఎంత మురికి పట్టాయో!" అన్నాడు. ఆ ఏడు ఒక్క ఎలుక పడలేదు, రెండు ఆపిల్ చెట్లు పోయాయి. దాన్ని నేను ఎప్పుడో మరిచిపోయాను.

మరిచిపోనిది ఇంకొకటి. అదే ఏడు నా వీసా కార్డు కోసం మూడు నెలలు తిరిగి ఆఫీసులో ఒక టెర్మిన్, అంటే రమ్మని ఇచ్చే తారీఖు, సంపాదించాడు. ఆ రోజుకు నా చేతులు వాల్‌నట్ రంగుతో మణికట్టుదాకా నల్లగా ఉన్నాయి. అది కడిగితే పోదు, చర్మం మారితేనే పోతుంది. అరిగిన వేళ్లు, పైన నల్లరంగు, వేలిముద్రల మిషను నన్ను మనిషిగానే ఒప్పుకోలేదు. మళ్లీ రమ్మన్నారు. ఇంటికొచ్చాక వంటింట్లో రమామణితో "మీ అమ్మ చేతులు చూసి సిగ్గేసిందే" అన్నాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. టెర్మిన్ పోయినందుకు ఎన్ని మాటలన్నా పడేదాన్ని. ఆ చేతులతోనే కూతుర్ని చదివించాను. ఆ ఒక్క మాట నాలుగేళ్లుగా నాలో ఉంది. ఆ డేగిసాను అతను ముట్టకూడదు.

పది రోజులుగా అతను సెంటు కొట్టుకోవడం లేదు. స్నానం గదిలో దగ్గకుండా నిలబడగలుగుతున్నాను. ఉద్యోగం పోయిందేమో, మాతో చెప్పడం లేదేమో. రమామణీ, మెల్లగా కనుక్కో.

5. ఎలుకను చంపకుండా పట్టే చెక్క బోను మనవరాలు రిషితకు. పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్లు చదువుతోంది. "అమ్మమ్మా, అవి కూడా ప్రాణులే కదా" అంటుంది. అవును తల్లీ. ఆపిల్ చెట్టు కూడా ప్రాణే. నీ బోనులో పడ్డదాన్ని అడవి దాకా తీసుకెళ్లి వదులు. వెళ్లేటప్పుడు స్వెటర్ వేసుకో.

6. ఒక ఒప్పుకోలు. ఆరేళ్ల కింద అదే చెక్క బోనులో ఈత కొట్టేవాడి చేతుల్లాంటి చేతులున్న నల్లటిదొకటి పడింది. పెద్ద ఎలుక అనుకున్నాను. ఫ్రౌ హేబర్‌లే చూసి గుండె పట్టుకుంది. అది మౌల్‌వుర్ఫ్ అట, నేలలో సొరంగాలు తవ్వే వేరే జంతువట, దాన్ని పట్టడం తప్పట. వెంటనే వదిలేశాను, బాగానే పరిగెత్తింది. సర్కారు వారెవరైనా ఇది చదివితే, అది బాగానే పరిగెత్తిందని గమనించగలరు.

7. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత రమామణిది.

6 అక్టోబరు 2024, ఆదివారం. విజయేంద్ర ఈ రోజే సాక్షి సంతకం పెట్టాడు. నాలుగో అంశం చదివాకే పెట్టాడు. డాక్టరుగారు ఉర్లౌబ్ మీద, అంటే సెలవు మీద, ఊరెళ్లారు, వచ్చాక ఆయన సంతకం పెడతారు.

తర్వాత చేర్చినది

డాక్టరుగారు రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఈలోగా జరిగినవాటిని బట్టి కొన్ని మార్పులు చేస్తున్నాను. బుద్ధి ఇప్పటికీ స్థిరంగానే ఉంది.

నడుము నొప్పితో డేగిసా ఎత్తకూడదని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు గనుక, ఈ ఏడు తొక్కలు వృథా పోతాయని దిగులుపడుతూ ఇంట్లోనే ఉన్నాను. మొన్న గురువారం విజయేంద్రకు ఈ దేశపు పౌరసత్వం కాగితం ఇచ్చే టెర్మిన్. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన రోజు. రమామణి కూడా వెళ్లింది, వచ్చి నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చెప్పింది. కొత్త కోటు, కొత్త టై, వాటి కింద మణికట్టుదాకా నల్లటి చేతులట. కాగితం ఇచ్చే ఆవిడ చెయ్యి కలపబోయి ఆగి, చూసి, ఏమైందని అడిగిందట. "ఇది మా అత్తయ్య పని. నాకు నేర్పింది" అన్నాడట. అంతటితో ఆగాడా? బూడిద నీళ్ల దగ్గర నుంచి తేనెమైనం దాకా నిలబడి చెప్పాడట. వెనక వరసలో ఉన్నవాళ్లు గడియారాలు చూసుకున్నారట. "ఒక్క పిసరు సిగ్గుపడలేదమ్మా" అంది రమామణి.

నేను అతనికి ఎన్నడూ నేర్పలేదు. నాలుగేళ్లుగా నాలో నేను సణుక్కుంటుంటే విన్నాడన్నమాట.

నిన్న తోటకు తీసుకెళ్లమన్నాను. ఫ్రౌ హేబర్‌లే షెడ్డు వెనక కొత్త బోనులు ఆరూ వేలాడుతున్నాయి. ఎత్తుకుపోయింది అల్లుడే, దాచింది ఆమే. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నిమ్మకాయ లేదు, దాల్చినచెక్క లేదు, మనిషి లేడు. నల్లగా, మట్టిలా ఉన్నాయి. మైనం ఒకచోట మందమైంది, అది చెప్పాను. సెంటు ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది. ఉద్యోగం ఉందట. అడిగి నిర్ధారించుకున్నాను.

కావున మూడో అంశంలో ఫ్రౌ హేబర్‌లే పేరు తీసివేసి, పద్నాలుగు బోనులు, డేగిసా, కర్ర, చేతి తొడుగులు మా అల్లుడు విజయేంద్రకు సర్వహక్కులతో రాస్తున్నాను. ఆమెకు చెబితే "దేవుడా, నీకు దండం! ఆ కంపు నా షెడ్డులో పెట్టుకోవాలేమోనని భయపడ్డాను, ఫ్రౌ పెంచా" అంది. తొక్కలు మాత్రం ఎప్పటిలాగే ఇస్తుందట. నాలుగో అంశం కొట్టివేస్తున్నాను. చింపడం లేదు, చదివినవాడు చదివాడు.

షరతు ఒకటే. సాంబారు.

19 అక్టోబరు 2024, శనివారం, బ్యోబ్లింగెన్.

యాకసిరి పెంచలమ్మ (సంతకం). పక్కనున్నది నా ఎడమచేతి బొటనవేలు. సంతకం చాలన్నారు, నాకు చాలదు. సిరాతో కాదు, డేగిసాలోని రంగుతో వేశాను.

సాక్షి 1: డాక్టర్ రవీంద్రనాథ్.

సాక్షి 2: ఎల్‌ఫ్రీడె హేబర్‌లే. ఈమెకు ఇందులో ఇప్పుడు ఏమీ లేదు గనుక పనికొస్తుంది.

ఇంతకుముందు సాక్షి 2: విజయేంద్ర. వాటాదారుడైనందున కొట్టివేశాను. ఆ గీత మీది నల్ల మరక అతనిదే. ఇవాళ డేగిసా దగ్గర నుంచి చేతులు తుడుచుకోకుండా వచ్చి ఈ కాగితం పట్టుకుని చదివాడు. ఎవరూ రుద్దవద్దు, అది పోదు.