కస్కస్ తీసేసినాను

నర్సింహులపేట తండా
సెప్టెంబర్ 2011

ప్రియమైన నా బంగారు కొడుకు రమేశ్‌కు,

మీ బాపు దస్రు కాళ్లు నేల మీద నిలవక రాస్తున్నాను. నీకు బిడ్డ పుట్టింది. మౌనిక ఫోన్లో చెప్పే ఉంటుంది. ఆమె చెప్పింది వార్త, నేను చెప్పేది సంబరం. నాకు ఫోన్లో నీ మాట సగం వినబడదు, మాట్లాడిందంతా గాలికి పోతుంది. మన ఇంటి భాషకు రాత లేదు కాబట్టి బడిలో నేర్చిన నాలుగు తెలుగు అక్షరాలతోనే నా సంతోషమంతా నీకు పంపుతున్నాను.

కబురు తెలిసిన పొద్దున్నే ఘనపూర్‌లో మీ అత్తగారింటికి బయలుదేరినాను. బస్సులో కండక్టర్‌కు కూడా చెప్పినాను. "మనుమరాలు పుట్టిందని టికెట్ మాఫీ ఉండది పెద్దమనిషీ, పైసలు తియ్యి" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వినాను. బిడ్డవి నీ చెవులే. నేను ఎత్తుకోగానే ఏడుపు ఆపింది. "కన్నది నేను, ఊకునేది మామ కాడనా" అని మౌనిక అలిగింది.

ఇంకొక మాట. నీ రూములో ఉండే అకీల్, మన జనగామ టైలర్ గులాం మొహిద్దీన్ భాయి కొడుకు, సెలవు అయిపోయి మళ్లీ దుబాయ్ వస్తున్నాడు కదా. అతని చేతికి ఒక పొట్లం ఇస్తాను. ఇక్కడ బిడ్డకు పేరు పెట్టి తొట్టెల చేసే రోజే నువ్వు అక్కడ మేక మాంసం తెచ్చి యాటకూర వండించి నీ తోటివాళ్లకు పెట్టాలి. దానికి ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, గసాలు మీ అమ్మ గంగి వేరువేరుగా కడుతున్నది. గసాలు నూరి వేయని యాటకూర మన ఇంట్లో కూరే కాదు. రూములో నీళ్లు వాసన వస్తున్నాయని రాసినావు. కుండలో వేసుకోవడానికి వట్టివేళ్లు కూడా పెడుతున్నాను.

సంతోషం ఎక్కువై చెయ్యి ఆడక ఆపుతున్నాను,
తాత అయిన నీ బాపు
దస్రు


దుబాయ్
సెప్టెంబర్ 2011

ప్రియమైన బాపూ,

నీ ఉత్తరం రూములో అందరికీ చదివి వినిపించాను. కండక్టర్ మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. కొత్త సంవత్సరంలో సెలవు ఇస్తామని మా సూపర్‌వైజర్ చెప్పాడు. ఇప్పటి నుంచే బిడ్డకు గౌన్లు చూస్తున్నాను, కానీ ఎంత పొడుగు ఉంటుందో తెలియక కొనలేకపోతున్నాను.

పొట్లం విషయంలో మాత్రం జాగ్రత్త. మా క్యాంపు గేటుకు హిందీలో ఒక కాగితం అతికించారు. నాకు హిందీ మాట్లాడటమే గాని చదవడం రాదు. చదివినవాళ్లు చెప్పారు, ఖస్‌ఖస్ తేవద్దని ఉందట. ఇక్కడి చట్టంలో అది మత్తుమందు కిందికి వస్తుంది. పక్క రూములో ఉండే బిహార్ అతని తమ్ముడు ఊరి నుంచి తెచ్చి ఎయిర్‌పోర్టులోనే పట్టుబడ్డాడు. తెలియక తెచ్చానని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఏళ్ల తరబడి జైలు. అదెలా ఉంటుందో నేను చూడలేదు, మాకు తిండి మెస్సులోనే కదా. నువ్వు పెద్దవాడివి, నీకు తెలిసే ఉంటుంది. పొట్లంలో ఖస్‌ఖస్ ఉంటే తీసెయ్.

బిడ్డ నుదుటి మీద నా తరఫున ఒక ముద్దు పెట్టు.

నీ కొడుకు
రమేశ్


నర్సింహులపేట తండా
సెప్టెంబర్ చివర, 2011

ప్రియమైన రమేశ్,

మంచి వేళకు రాసినావు కొడుకా. కస్కస్ అంటే నాకు తెలియకపోవడమేమిటి? చిన్నప్పుడు జనగామ స్టేషన్ కాడ రైల్వే సాహెబు బంగళాలో ఎండాకాలమంతా కస్కస్ తడకలకు నీళ్లు కొట్టింది నేనే. మనం వట్టివేళ్లు అనేదాన్నే సాహెబులు కస్కస్ అంటారు. చల్లగాలి ఇచ్చే వేళ్లలో మత్తు ఏముందో నాకు అర్థం కాలేదు. అయినా వాళ్ల దేశం, వాళ్ల చట్టం. ఒక్క పోగు కూడా మిగలకుండా ఏరి తీసేసినాను.

మసాలా పొట్లాలు మాత్రం జనగామ తీసుకుపోయినాను. దారిలో చినుగుతాయని మొహిద్దీన్ భాయి అన్నీ ఒక గుడ్డ సంచిలో పెట్టించి, మిషన్ మీద రెండు వరసలు కుట్టిచ్చాడు. కుట్టే ముందు అకీల్ అడిగాడు.

"కాకా, ఖస్‌ఖస్ గిన లేదు గద?"

"నీకంటే ముందుగాల్నే రమేశ్ రాసిండు బిడ్డా. తీసేసిన."

"ఒకపారి విప్పి చూద్దమా?"

"ఏందిరా, మీ కాక మీద నమ్మకం లేదా?"

పిల్లవాడు సిగ్గుపడ్డాడు. "గట్లెందుకంటవ్ కాకా" అని, వాళ్ల నాయిన వైపు తిరిగి కుట్టమన్నాడు. బంగారం లాంటి పిల్లగాడు. తెలంగాణ కోసం చేసే సకల జనుల సమ్మెలో బస్సులు నడవడం లేదు. అయినా "నీ పొట్లం నెత్తిన పెట్టుకొనన్న పోత" అని లారీ ఎక్కి హైదరాబాద్ పోయినాడు.

తీసేసిన వేళ్లు వృథా పోలేదు. భూపాలపల్లి గనుల్లో కూడా సమ్మె, బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ వేళ్లు ఘనపూర్ తీసుకుపోయి, తడిపి, బిడ్డ పడుకునే కిటికీకి కట్టినాను. ఎంత చల్లగా నిద్రపోతున్నదో. నీ జాగ్రత్త నీ బిడ్డకే పనికొచ్చింది.

చెప్పింది చెప్పినట్టు చేసిన
మీ బాపు


నర్సింహులపేట తండా
అక్టోబర్ 2011

ప్రియమైన మా నవ్య నాయినకు,

అవును, నీ బిడ్డ పేరు నవ్య. తొట్టెల ఘనంగా జరిగింది. ఘనపూర్‌కు మన తండా మొత్తం ట్రాక్టర్‌లో వచ్చింది. దారిలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు ట్రాక్టర్ ఆపితే, ట్రాక్టర్ నడిపే మా పెద్దులు "చంటిబిడ్డకు తొట్టెల, జై తెలంగాణ" అన్నాడు. వాళ్లు కూడా జై అని దారి ఇచ్చి, బిడ్డకు మా దీవెనలు చెప్పమన్నారు. యాటకూర గిన్నె అడుగంటా తుడిచి తిన్నారు. నువ్వూ అదే పూట వండించి ఉంటావని తలచుకుంటూ నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

నీ నుంచి ఉత్తరం లేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని మౌనిక పరేషాన్ అవుతున్నది. రైళ్లు లేవు, బస్సులు లేవు, ఉత్తరం రెక్కలు కట్టుకొని వస్తుందా అని నేను నవ్వి ఊరుకోబెట్టినాను. రాష్ట్రం వస్తే ఎవరూ దుబాయ్ పోయే పని ఉండదని నర్సింహులపేట సభలో చెప్పినారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

కూర ఎట్ల కుదిరిందో తప్పక రాయి.

ఎదురుచూస్తూ, మురిసిపోతూ
బాపు


దుబాయ్
అక్టోబర్ 2011

బాపూ,

కూర వండలేదు. అకీల్ రూముకు రాలేదు. ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు.

సంచి కుట్టు విప్పితే లోపల ఖస్‌ఖస్ దొరికిందంటున్నారు. నువ్వు తీసేశానని రాశావు. మరి అది ఎక్కడిది? ఇంకెవరైనా పెట్టారా? నాకు బుర్ర పనిచేయడం లేదు.

నన్ను ఒకసారి చూడనిచ్చారు. మధ్యలో అద్దం, చేతిలో ఫోన్. అకీల్ గడ్డం పెరిగి ఉంది. ఆ పొట్లం తనదేనని చెప్పాడట. "నీ పేరు తియ్యలె. నీకు చిన్న బిడ్డుంది. నేనెట్లన్న జేసి బయటపడ్త, నువ్వు పో" అన్నాడు. పొట్లం నాదని అప్పుడే పోలీసులతో చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. వచ్చేశాను.

వాళ్ల అమ్మానాన్నలకు ఇంకా తెలియదు. కొత్త ఫోన్ నంబర్ ఇంకా తీసుకోలేదేమో అనుకుంటూ ఉంటారు. నువ్వు చెప్పకు. నా పేరు బయటికి వస్తే నన్నూ లోపల వేస్తారు, బిడ్డను చూడలేను. ఈ ఉత్తరం చదివి కాల్చెయ్.

రమేశ్


జనగామ
అక్టోబర్ 2011

కొడుకా,

నీ ఉత్తరం కాల్చలేదు. జనగామలో మొహిద్దీన్ భాయి ఇంట్లో కూర్చొని ఇది రాస్తున్నాను.

నీ జాబు చదివి మొదట నాకు కోపమే వచ్చింది. నేను తీసేసింది మళ్లీ ఎట్ల వచ్చిందని. కుట్టింది మొహిద్దీన్ భాయి కాబట్టి, అతనే కొడుకు కోసం ఇంకేదో లోపల పెట్టి ఉంటాడని అనుమానపడ్డాను. ఆ సంగతి ఉపాయంగా కనుక్కొని వద్దామని బయలుదేరినాను. నువ్వు చెప్పొద్దన్నది చెప్పకుండానే తిరిగి వద్దామనుకున్నాను.

దుకాణం బంద్ ఉన్నది. అందరూ సమ్మెకని పెద్దరోడ్డు మీద వంటావార్పులో ఉన్నారు. రాస్తా నడుమ రాళ్ల పొయ్యిలు, పెద్ద గిన్నెలు, పక్కన డప్పులు. అకీల్ తల్లి సఫియా బేగం ఒక గిన్నె ముందు కూర్చొని మసాలా నూరుతున్నది. నన్ను చూసి లేచింది.

"దస్రన్నా, పొట్లం ముట్టిందని రమేశ్ రాసిండా? మావోడు సోమరి, చేరినంక ఒక్క ఫోన్ చెయ్యలె."

నేను తల ఊపినాను. ఔనన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఆమె మళ్లీ పనిలో పడి పక్కనున్న సారక్కను అడిగింది.

"అక్కా, జర ఖస్‌ఖస్ అందియ్యి."

సారక్క చుట్టూ చూసింది. "ఏందది?"

"గదే, నీ మోకాలు కాడున్న పొట్లం."

"గసాలు అనరాదూ. ఖస్‌ఖస్ అంటే నాకేం తెలుస్తది తల్లీ."

"నీ నోట్లె గసాలు, నా నోట్లె ఖస్‌ఖస్. కూరల వడ్డంక రెండు ఒకటే" అని ఆమె నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వినారు.

నేను సారక్క పక్కన కూర్చున్నాను. ఆ పొట్లం విప్పి చూసినాను. తెల్లటి సన్నటి గింజలు. మీ అమ్మ కట్టింది, నేను తీసుకుపోయింది, మనం తొట్టెల నాడు తిన్నది. తీయాల్సింది ఉంచి, ఉంచాల్సింది తీసినాను.

ఇంక దాచలేకపోయినాను. అక్కడే, గిన్నెల ముందే చెప్పినాను. డప్పులు మోగుతున్నాయి, సగం మాటలు వినబడలేదు. ఆమె మళ్లీ చెప్పించుకున్నది. మళ్లీ చెప్పినాను. సఫియా బేగం ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"మావోడు విప్పి చూస్తనన్లేదా అన్నా?"

"అన్నడు."

"మరి?"

"నా మీద నమ్మకం లేదా అన్న."

ఆమె గింజలు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉన్నది. మొహిద్దీన్ భాయి "కుట్టింది నేనే గద దస్రూ" అన్నాడు. అతన్ని ఆ మాట అననీయొద్దు కొడుకా. ఆ మాట నాది.

నిన్న ఘనపూర్ పోయి మౌనికకు కూడా చెప్పినాను. నువ్వు పోలీసుల దగ్గరికి పోవాల్సి ఉంటుందని చెప్పినాను. ఆమె కిటికీకి కట్టిన వట్టివేళ్లు విప్పి నా కాళ్ల కాడ పడేసి, బిడ్డను తీసుకొని లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

నిన్ను పోవద్దనడానికి నాకు నోరు వస్తుంది. నీ బిడ్డను ఎత్తుకున్న చేతులివి. కానీ నిన్న రాత్రి మళ్లీ ఇక్కడికి వస్తే సఫియా బేగం నాకు అన్నం పెట్టింది. ఆ అన్నం తిని నిన్ను దాచిపెట్టలేను. పో. పొట్లం నీ కోసం పంపిందని, పంపింది మీ బాపు అని, అకీల్‌కు లోపల ఏమున్నదో తెలియదని చెప్పు. ఈ జాబు చూపించు. వాళ్లకు తెలుగు రాకపోతే నువ్వే చదివి వినిపించు, ఒక్క మాట కూడా దాచకుండా. నిన్ను లోపల ఉంచుకున్నా సరే, ముందు ఆ పిల్లవాణ్ణి వదలమను.

నవ్యకు గౌను పెద్దది కొను. నువ్వు వచ్చేసరికి ఎంత పెరుగుతుందో నాకూ తెలియదు.

గసాలు పంపినవాడు,
దస్రు