మంచాన పడి చూసిన మధ్యాహ్నం

కోరుట్ల, శ్రావణ శుక్రవారం

నిన్న ఈ డైరీలో 'లచ్చవ్వ ఉండగా పాలసీ ఎందుకు' అని రాశాను. తప్పు రాశాను.

మంచాన పడితే మనిషిని పెట్టుకోవడానికి బీమా కంపెనీ నెలనెలా డబ్బిస్తుందని ఏజెంటుగా చేసే మా మేనల్లుడు నిన్న చెప్పి, నక్సలైట్ అన్నల భయానికి చీకటి పడకముందే జగిత్యాల బస్సెక్కాడు. ఆ పడటమేదో చూద్దామని ఇవాళ మధ్యాహ్నం కదలకుండా పడుకున్నాను. వాన చప్పుడులో, తునికాకు వాసనలో ఎక్కడికో తేలిపోయాను. అమ్మ నా జడ విప్పుతున్నట్టుంది. కళ్లు తెరిస్తే, ముందు గదిలో అద్దెకుండి బీడీలు చుట్టే లచ్చవ్వ నా తల దువ్వుతోంది.

"ఏందవ్వా, పానం బాగలేదా?"

"మంచాన పడుడు నేర్చుకుంటున్న. పాలసీ తీసుకోవాల్నా, వద్దా అని."

"గా కాయితం ఎందుకు? మా అమ్మ మీ అత్తకు చెయ్యలేదా? నీకు నేను చెయ్యనా?"

దువ్వెన హాయిగా కదులుతూనే ఉంది. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. వాళ్లమ్మ చేసింది వెట్టి. రెండేళ్లు ఎత్తి కూర్చోబెట్టినా మా అత్త గింజ కూడా ఇవ్వలేదు. లచ్చవ్వ ప్రేమతోనే అంటుంది. ఊరికే చేయించుకుంటే నేనూ మా అత్తనే అవుతాను; కంపెనీ డబ్బయితే నెలనెలా ఆమె చేతిలో పెట్టొచ్చు...

రేపు మొదటి బస్సు కండక్టరుతో మేనల్లుడికి చీటీ పంపాలి: ఫారాలు తెమ్మని, కిస్తీ తక్కువ చూపి గిరాకీ పట్టాలని నా వయసు తగ్గించి రాయొద్దని.