దగ్గనివాళ్ల పేర్లు

వరలక్ష్మక్కా,

ఈవేళ మీ సంవత్సరీకం. పొద్దున్నే మనం కలిసి పనిచేసిన ఆరోగ్య సబ్‌సెంటరుకి పట్నం నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చేరు. తుఫానుకి పగిలిన ఆస్‌బెస్టాస్ రేకుల పొడి పీల్చినవాళ్లని ఏటేటా పరీక్ష చేస్తారట. ఆ జబ్బు బయటపడ్డానికి పాతికేళ్లు కూడా పడుతుందట. అప్పట్లో ఎవరు ఏ వీధిలో ఉండేవారని అడిగేరు. "ఆయ్, ఉందండీ" అని మీ అట్టపుస్తకం తెచ్చిచ్చేను.

అమలాపురం ట్రైనింగులో ఆ పొడి మంచిది కాదని విన్న మర్నాడే ఆ పుస్తకంలో ఇంటింటి పేర్లూ రాయడం మొదలెట్టేరు కదా. రేకుల ముక్కలు దంచి బురదలో పోసిన వీధి ఒక పక్క, పొయ్యని వీధి ఒక పక్క. ఎండలో మీ వెనకాల తిరగలేక, "దగ్గేవాళ్లని రాస్తే చాలదా, బాగున్నవాళ్లెందుకక్కా?" అని విసుక్కున్నాను. "రెండూ పక్కపక్కన పెట్టకపోతే ఎక్కడ ఎక్కువో ఎలా తెలుస్తుందే పిచ్చిదానా!" అన్నారు. పెద్ద డాక్టరుగారు ఈవేళ అచ్చం ఆ మాటే అన్నారు. నాకు భలే గర్వమేసింది.

పొడి పోసిన వీధిలో మొదటి పేరు మీదే. పక్కన మీ రాత: "పిల్లలు జారిపడుతున్నారని ముక్కలు దంచి పొయ్యమన్నది నేనే."

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు మీరు.

"ఈవిడతో మాట్లాడాలండీ" అన్నారు డాక్టరుగారు. నేను కలం తీసి మీ పేరు పక్కన మీరు పోయిన తారీకు వేసి, గుండెపోటు అని రాసేను. ఒక్క పేరూ వదలకూడదన్నది మీరే కదక్కా.