ఊదితే పోనివి

బుధవారం, రాత్రి

తలలో పేలున్నాయని టీచరు ఈ రోజు నా కూతురు సింధును చివరి బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టిందట. జడలో తెల్లగా ఈపులు కనబడుతున్నాయని అందరి ముందూ అందట. పిల్ల అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టి జడ విప్పాను. తెల్లగా ఉన్న మాట నిజమే. గోటితో పట్టుకుంటే ఒకటి ఊరికే చేతికొచ్చింది. ఈపి అయితే వెంట్రుకను అంత తేలిగ్గా వదలదే అని ఊది చూశాను. ఎగిరిపోయింది. పత్తి నూగు. జిన్నింగు మిల్లు నుంచి నా చీరకు అంటుకుని వచ్చేదే. నేను ఇంటికి రాగానే ఒళ్లో తల పెట్టుకుంటుంది కదా. పేల దువ్వెనతో తలంతా దువ్వినా ఒక్క పేను రాలలేదు.

సింధుకు ఇదో ఆటయింది. “నీ తల్లో కూడా ఊదుతా ఉండమ్మా” అని నా వెనక చేరింది. నేను మాత్రం రేపు టీచరును ఏమేమి కడిగెయ్యాలో లోపల వరసగా అనుకుంటున్నాను.

“అమ్మా, ఇవి ఊదినా పోతాలేవు.”

“గట్టిగా ఊదు పాపా.”

“ఊదినా మా. ఎంటికను పట్టుకోనుండాయి.”

ఇన్నాళ్లూ దురద పెడితే పత్తి దుమ్మే అనుకున్నాను. మిల్లులో అందరం గోక్కుంటాం, అందరం అదే మాట అంటాం. మరి రోజూ ఒళ్లో పడుకునే పిల్లకు ఒక్కటీ ఎందుకు ఎక్కలేదో.

రేపు బడికి పోయి అడగాల్సిందే. తల నిండా కొంగు కప్పుకుని.