నేల తన్నే తల్లి

రాజేంద్ర గారికి,

బహ్రెయిన్‌లోని మహూజ్ నుంచి మీ పిల్లల తల్లి రాస్తున్నాను. నేను పనిచేసే ఇంట్లో టీవీలో స్కంక్ అనే జంతువును చూశాను. పిల్లి అంత ఉంటుంది, నల్లటి ఒంటి మీద తెల్లచారలు. మగది జతకట్టి తన దారిన పోతుంది. తల్లి ఒక్కతే పిల్లల్ని వరసగా వెంటేసుకుని తిప్పుతుంది. మగది మళ్లీ వస్తే పిల్లల్ని చంపుతుందని దగ్గరికి రానివ్వదు. ముందు కాళ్లతో నేల తన్ని బెదిరిస్తుంది. అప్పటికీ కదలకపోతే తోకెత్తి కంపు చిమ్ముతుంది.

ఇన్నేళ్లూ వేరే కాపురం చేసుకున్న మీరు, మొన్న పిల్లల్ని పెంచుతున్న మా అమ్మ గుమ్మంలోకొచ్చి, మన కూతురు వీరదుర్గను బడి మాన్పించి రొయ్యల షెడ్డుకు పనికి పంపమన్నారట. తండ్రిగా హక్కుందన్నారట.

ఇప్పుడు నేను నేల తన్నాను. మళ్లీ ఆ గుమ్మం ఎక్కితే సెలవు పెట్టి వస్తాను, పెద్దల ముందు నోరు విప్పుతాను. ఆ తర్వాత ఊళ్లో మీ పక్కన ఎవరూ కూర్చోరు.