ఒగాతా గారి నమస్కారం

కుమమోతో, జూన్

చిజురూ, నా మోకాళ్లూ నోరూ సక్రమంగానే పనిచేస్తున్నాయి, బెంగపడకు. పెళ్లికి ముందు నువ్వు విత్తనం వేసిన ఐరిస్ ఇన్నాళ్లకు పూసింది. పూసిన ఐరిస్‌ను మోకాళ్ల మీద కూర్చుని చూసే మన ఊరి ఆనవాయితీ ప్రకారం కుండీని ముందుగదిలోకి తెచ్చాను. "పిచ్చిమొక్క, పీకెయ్యండి వదినగారూ" అని ఏటా పోరుపెట్టిన పక్కింటి ఒగాతా గారు వచ్చి, పువ్వుకు వంగి నమస్కరించి, మోకాళ్ల మీద అలాగే కూర్చుండిపోయారు. లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి తూలారు. పువ్వు మీద పడకూడదని పక్కకు ఒరిగి, కాగితపు తలుపు చించుకుని వరండాలో పడ్డారు.

"పువ్వుకేం కాలేదు కదా?"

"పీకెయ్యమన్నారుగా!"

"ఇలాంటి కొత్త రకం పువ్వుకు ఇంకా పేరు పెట్టకుండా ఉంచుతారా, వదినగారూ?"

హొక్కైడోలో చలి తగ్గిందా? మీ ఆయన దగ్గో? ఇద్దరికీ నా ఆశీస్సులు. పేరు నువ్వే ఆలోచించి వెంటనే రాయి. పేరుచెక్క మీద రాయడానికి ఒగాతా గారు కుంచె పట్టుకుని కూర్చున్నారు, ఈసారి కుర్చీలో.

నాయనమ్మ